గడువుకు ముందే

2018 సెప్టెంబరు 6న తెలంగాణ మంత్రివర్గం శాసనసభ రద్దుకు సిఫారసు చేసింది, గవర్నర్ ఆమోదించారు. ఇంకా తొమ్మిది నెలల దాకా గడువున్న సభ అలా ముగిసింది. అదే రోజు ముఖ్యమంత్రి కేసీఆర్ తన పార్టీ టీఆర్ఎస్ తరఫున 105 మంది అభ్యర్థులను కూడా ప్రకటించేశారు.

పోయింది సభే, ప్రభుత్వం కాదు. ఎమ్మెల్యేలు మాజీలవుతారు, శాసనసభలో పెండింగులో ఉన్న బిల్లులు మురిగిపోతాయి. ముఖ్యమంత్రి మాత్రం ఆపద్ధర్మ హోదాలో అదే కుర్చీలో ఉంటారు. నిలదీయడానికి సభ లేని ప్రభుత్వమన్నమాట! దాని హద్దులను రాజ్యాంగం విడమరచి చెప్పలేదు. సభ రద్దయిన వెంటనే ప్రవర్తనా నియమావళి వర్తిస్తుందని ఆ నెలాఖరులో ఎన్నికల సంఘమే స్పష్టం చేయాల్సి వచ్చింది.

డిసెంబరులో టీఆర్ఎస్‌కు 119లో 88 స్థానాలు వచ్చాయి. అలాగని ముందస్తు ప్రతిసారీ కలిసిరాదు. అలిపిరిలో తన మీద జరిగిన దాడి తర్వాత, 2003 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు సభను రద్దు చేయించారు. 2004లో తెలుగుదేశానికి మిగిలినవి 47.

ఎన్టీఆర్ 1984 రద్దు దారి వేరు. సొంత పార్టీలో నాదెండ్ల తిరుగుబాటుతో ముఖ్యమంత్రి పదవి పోయి, నెల తిరిగేసరికి మళ్లీ దక్కాక, ఆయన తీర్పు కోరుతూ జనం దగ్గరికి వెళ్లారు. 1985లో జనం 202 స్థానాలిచ్చారు. అక్కడ ఓటరు ముందు ఒక ప్రశ్న ఉంది. 2018లో? ప్రతిపక్షాల ఆరోపణలు భరించలేకే అన్నట్టు మాట్లాడారు కేసీఆర్. ఆరోపణలు లేని సభ ఎక్కడుంది?

ఈ సంచికలో ఈ మూడు రద్దులనూ పక్కపక్కన పెట్టి చూశాం. ఆపద్ధర్మ ప్రభుత్వాల మీద రాసిన వ్యాసం ముందు చదవమని మా సలహా.