అండమాన్ పోండి, జరావాలను చూడ్డానికి మాత్రం పోకండి



వారం నుంచి మా హాస్టల్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. "తక్కువ ఖర్చులో అండమాన్ టూర్." ఏ బీచ్, ఏ బోటు, ఏ హోటల్ అన్నీ రాశారు. మధ్యలో ఒక లైను: "బారాటాంగ్ దారిలో కిటికీ పక్కన కూర్చోండి, అదృష్టం బాగుంటే జరావాలు కనిపిస్తారు." దానికి లైకులు కొట్టినవాళ్లలో మనోళ్లూ ఉన్నారు. అందుకే ఇది రాస్తున్నాం.

పులి కనిపిస్తే అదృష్టం అంటారు. మనిషి కనిపిస్తే కూడా అదృష్టమేనా?

పోయేవాళ్లు ముందు ఆ నేల గురించి తెలుసుకోండి. అండమాన్ నికోబార్ అంటే బంగాళాఖాతంలో ఉత్తరం నుంచి దక్షిణానికి పరుచుకున్న దీవుల వరుస. చిన్నా పెద్దా కలిపి 800 పైనే, మనుషులు ఉండేవి 30 పైచిలుకే. పైన అండమాన్, కింద నికోబార్. రెండింటి మధ్య టెన్ డిగ్రీ ఛానెల్, సుమారు 150 కిలోమీటర్ల సముద్రం. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మార్చారు. అక్కడికి చెన్నై, కోల్‌కతాల నుంచి ఓడలున్నాయి, మన విశాఖ నుంచి తక్కువ. మే నుంచి వానలు, జనవరి నుంచి ఏప్రిల్ దాకా పొడి. హేవ్‌లాక్‌కు మనకు పర్మిట్ అక్కర్లేదు. నికోబార్‌కు పాస్ ఉండాలి. నార్త్ సెంటినల్ దరిదాపులకు కూడా పోకూడదు.

ఎందుకు పోకూడదో ఆ మెసేజ్‌లో లేదు. మేం చెప్తాం. అవి ఖాళీ దీవులు కావు. 1858లో బ్రిటిష్‌వాళ్లు అక్కడ ఖైదీల కాలనీ పెట్టేనాటికి గ్రేట్ అండమానీలు వేలల్లో ఉన్నారు. 2011 జనాభా లెక్కల్లో 44 మంది. ఓంగేలు 101. జరావాలు 380, అంటే మా హాస్టల్లో రాత్రి అన్నానికి లైన్లో నిలబడేవాళ్లంత! బయటివాళ్లు తెచ్చిన రోగాలే సగం ఊడ్చేశాయి. 1999లో కూడా జరావాలకు తట్టు సోకింది.

వాళ్ల అడవి మధ్యలోంచే అండమాన్ ట్రంక్ రోడ్డు వేశారు. ఆ భాగం మూసేయమని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. తిండి ఆశ చూపి జరావా ఆడపిల్లలను ఆడించిన వీడియో 2012లో దేశమంతా చూసింది.

"రోడ్డు మూస్తే పైన ఉన్న ఊళ్లోళ్లు ఆస్పత్రికి ఎలా పోతారు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ అంబులెన్సులో పోయే రోగి, కెమెరా పట్టుకున్న టూరిస్టు ఒకటేనా? రోగి పేరు చెప్పి టూరిస్టుకు దారి అడగకండి.

కాలేజీలో చేరిన మొదటి వారమే మమ్మల్ని అడిగారు, "మీ వైపు ఇంకా ఆకులు కట్టుకుంటారా?" అని. అందరూ నవ్వారు. ఆ రాత్రి మాకు అన్నం దిగలేదు. అరకులో థింసా ఆడే మన అక్కల మీదికి ఫోన్లు ఎలా లేస్తాయో మనకు తెలుసు. అయినా ఆ అక్కలు డబ్బు అడగగలరు, వద్దంటే మానగలరు. రోడ్డు పక్కన నిలబడ్డ జరావా పిల్లకు వద్దు అనే దారే లేదు. చూపుల బాధ తెలిసిన మనమే కిటికీ పక్కన కూర్చుంటే ఇంక ఎవరిని తిట్టాలి?

చూడాలనుకుంటే సెల్యులార్ జైలు చూడండి. అల్లూరి వెంట నడిచిన గాం మల్లుదొరను అండమాన్‌కే పంపారు. బతికి తిరిగొచ్చి 1952లో ఎంపీ అయ్యాడు. అది మన తాతల చరిత్ర. అక్కడ ఒక్క నిమిషం నిలబడండి.

బారాటాంగ్‌కు 2017లో సముద్ర దారి తెరిచారు. పడవ ఉందా అని అడగండి. లేదంటే ఆ సున్నపురాయి గుహలు మానేయండి. గుహలే కావాలంటే మన బొర్రా లేదా?

ఆ మెసేజ్ మీ గ్రూపులోకి వస్తే ఆ లైను తీసేయమని చెప్పండి. తీయకపోతే ఎందుకు తీయాలో దాని కిందే రాయండి. మేం మా గ్రూపులో రాశాం. ముగ్గురు లైకు వెనక్కి తీసుకున్నారు.

జై ఆదివాసీ!