మన బాస్కెట్‌బాల్ టీమ్‌కి సెంటర్ ఎక్కడ దొరుకుతాడు?

సెమిస్టర్ ఎగ్జామ్స్ అయిపోయాయి. క్యాంటీన్‌లో మళ్లీ అదే ప్రశ్న: "ఈసారి మన టీమ్ ఎట్లుంటది బ్రో?" క్రికెట్ టీమ్ గురించైతే అందరూ అడుగుతారు. బాస్కెట్‌బాల్ టీమ్ గురించి అడిగేది మేం ఏడెనిమిది మందిమే, అదీ మేమే ఆడతాం కాబట్టి. క్లబ్ మీటింగ్‌లో "కవితో కథో రాయొచ్చుగా" అన్నారు. కవిత నాకు రాదు. టీమ్ గురించి మాత్రం చెప్పాల్సింది చాలా ఉంది.

ముందు లెక్క చూద్దాం. టోర్నమెంట్‌కి ఇచ్చే లిస్టులో 12 పేర్లు ఉండొచ్చు, కోర్టులో ఆడేది ఐదుగురు. పోయిన సీజన్ 12 మందిలో ఐదుగురు ఫైనల్ ఇయర్ అన్నలు. వాళ్లు వెళ్లిపోయారు. అందులో ముగ్గురు మెయిన్ ఫైవ్‌లో ఆడేవాళ్లు. మిగిలిన ఏడుగురిలో ఒకన్నకి మోకాలి లిగమెంట్ సమస్య, ఇంకో అన్న ప్లేస్‌మెంట్స్ అయ్యేదాకా బాల్ ముట్టనని ఇంట్లో మాటిచ్చాడు. గట్టిగా నమ్ముకోగలిగింది ఐదుగురిని. అందులో ముగ్గురం గార్డులం, ఇద్దరు వింగ్‌లో ఆడతారు. సెంటర్ ఒక్కడు కూడా లేడు. ఉన్నవాళ్లలో అందరికంటే పొడుగు ఐదడుగుల పది అంగుళాలు.

అంటే బాల్ తీసుకెళ్లడం మనకి వచ్చు. కొంచెం షూటింగ్ కూడా వచ్చు. రింగుకి తగిలి బయటికొచ్చిన బాల్‌ని పట్టుకునేవాడే లేడు. పోయిన సంవత్సరం జోనల్ టోర్నీలో మనం ఓడిపోయింది ఆరు పాయింట్లతో. నాలుగో క్వార్టర్ మొదట్లోనే మన సెంటర్ అన్న ఐదో ఫౌల్‌తో బయటికొచ్చేశాడు. నేను బెంచ్ మీద కూర్చుని లెక్కపెట్టా. ఆ తర్వాత మనం మిస్ చేసిన షాట్లలో ఒక్కదానికి మాత్రమే మనకి రెండో అవకాశం దొరికింది. మిగతావన్నీ వాళ్ల చేతుల్లోకే పోయాయి. అందరూ "షూటింగ్ సరిగ్గా లేదు" అన్నారు. షూటింగ్ వాళ్లకీ అంతంత మాత్రమే. మిస్ అయిన ప్రతి బాల్‌ని వాళ్లు మళ్లీ వేశారు, మనం వేయలేకపోయాం.

ఇప్పుడు అమెరికాలో ఏదైనా యూనివర్సిటీకి ఇదే పరిస్థితి వస్తే ఏం చేస్తుంది? 2018 నుంచి అక్కడ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఉంది. ఇంకో కాలేజీలో ఆడుతున్నవాడు అందులో పేరు పెట్టుకుంటే వేరే కాలేజీ వాణ్ణి తీసుకోవచ్చు. 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ముఖం మీద ప్రకటనల డబ్బు కూడా తీసుకోవచ్చు. సెంటర్ లేకపోతే వేసవిలో ఒక సెంటర్‌ని తెచ్చుకుంటారు. మనకి ఉన్న ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఈసెట్ ఒక్కటే. లేటరల్ ఎంట్రీలో పాలిటెక్నిక్ నుంచి ఎవరైనా ఆరడుగులవాడు వస్తే మన అదృష్టం. కాబట్టి సెంటర్ మన కాలేజీలోనే దొరకాలి. దొరుకుతాడని నా నమ్మకం. నమ్మకం ఎందుకంటే, పోయినసారి దొరికినవాణ్ణి వెనక్కి పంపించిన వాళ్లలో నేనూ ఒకణ్ణి.

పోయిన సంవత్సరం ట్రయల్స్ రోజు. పీడీ సార్ విజిల్ దగ్గర, కెప్టెన్ అన్న కోర్టులో, నేను లిస్టు, పెన్ను పట్టుకుని పక్కన. ఫస్ట్ ఇయర్ పిల్లలు ఒక్కొక్కరే వచ్చి డ్రిబ్లింగ్ చేసి, లేఅప్ వేసి వెళ్లాలి. ఒకడు వచ్చాడు. పొడుగ్గా ఉన్నాడు, ఆరడుగుల ఒక అంగుళం. కాళ్లకి మామూలు కాన్వాస్ షూస్. బాల్ రెండుసార్లు కొట్టాడు, మూడోసారి కాలికి తగిలి అవతలికి పోయింది. మళ్లీ ఇచ్చాం. ఈసారి బాల్ పట్టుకుని నాలుగడుగులు నడిచేశాడు. వెనక ఎవరో నవ్వారు. నేనూ నవ్వా. లిస్టులో వాడి పేరు పక్కన "డ్రిబ్లింగ్ రాదు" అని రాసి ఇంటు పెట్టా. వాడు పోతూ పోతూ నాతో అన్నాడు, "అన్నా, బాల్ కిందికి కొట్టుడు వస్తలేదు గాని, పైకి ఎగురుడు వస్తది."

నాకు అప్పుడు అది జోక్‌లాగా అనిపించింది.

మాది పెద్దవూర. హాలియా దాటి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో ఉంటుంది. మీలో చాలామంది డ్యామ్ గేట్లు ఎత్తినప్పుడు మా ఊరి మీదుగానే పోయి ఉంటారు, గమనించి ఉండరు. సంక్రాంతికి ఇంటికి వెళ్తే సాయంత్రం గ్రౌండ్‌లో వాలీబాల్ నడుస్తోంది. నెట్ దగ్గర ఎవడో ఎగిరి స్మాష్ కొట్టాడు, అవతల టీమ్ వాళ్లు కదల్లేదు కూడా. చూస్తే వీడే. మా ఊరివాడని కూడా నాకు తెలియదు. వాడు జెడ్పీ హైస్కూల్, నేను పొద్దున ఏడింటికి వ్యాన్ ఎక్కి పోయే ఇంగ్లిష్ మీడియం స్కూల్. పదేళ్లు ఒకే ఊళ్లో ఉండి ఒకరినొకరం చూసుకోలేదు.

మగవాళ్ల వాలీబాల్ నెట్ ఎత్తు 2.43 మీటర్లు. వాడు బ్లాక్‌కి ఎగిరితే మోచేతుల దాకా నెట్ పైన ఉన్నాయి. బాస్కెట్‌బాల్ రింగు 3.05 మీటర్లు. మన స్థాయి మ్యాచుల్లో రీబౌండ్ దొరికేది రింగు పైన కాదు, దానికి కొంచెం కింద. సరిగ్గా వాడి అరచేతులు ఉన్న చోట. వాడికి డ్రిబ్లింగ్ రాదని నేను రాసింది నిజమే. కానీ మనకి కావాల్సింది డ్రిబ్లింగ్ కాదు కదా! డ్రిబ్లింగ్ వచ్చిన గార్డులం ముగ్గురం ఇక్కడే ఉన్నాం.

అప్పటినుంచి ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. నాకు డ్రిబ్లింగ్ ఎట్లా వచ్చింది? నేనేం స్పెషల్ కాదు. మా స్కూల్లో సిమెంటు కోర్టు, రెండు రింగులు ఉండేవి. మా నాన్న ఫీజు కట్టింది ఇంగ్లిష్ కోసం, రింగు దాంతోపాటు ఫ్రీగా వచ్చింది. మన టీమ్‌లో పోయిన సంవత్సరం 12 మందినీ ఒకసారి తలుచుకున్నా. అందరూ కోర్టు ఉన్న ప్రైవేటు స్కూళ్ల నుంచి వచ్చినవాళ్లే. మనం ఆటగాళ్లని ఎంచుకుంటున్నాం అనుకుంటాం. నిజానికి స్కూళ్లని ఎంచుకుంటున్నాం.

ఇందులో విచిత్రం ఏంటంటే, ఈ రెండు ఆటలూ పక్కపక్కన పుట్టినవే. బాస్కెట్‌బాల్‌ని 1891 డిసెంబర్‌లో జేమ్స్ నైస్మిత్ అనే టీచర్ అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వైఎంసీఏ శిక్షణ స్కూల్లో మొదలుపెట్టాడు. నాలుగేళ్ల తర్వాత, 1895లో, దానికి దగ్గర్లోనే ఉన్న హోలియోక్ అనే ఊళ్లో, ఇంకో వైఎంసీఏలో విలియం మోర్గాన్ వాలీబాల్ మొదలుపెట్టాడు. ఆ మోర్గాన్ కూడా స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదువుకున్నవాడే. అన్నదమ్ముల్లాంటి ఆటలు. మన దగ్గరికి వచ్చేసరికి ఒకటి ఊరి గ్రౌండ్‌కి, ఇంకోటి కాన్వెంట్‌కి పోయింది. కారణం చాలా మామూలుది. వాలీబాల్‌కి రెండు కర్రలు, ఒక నెట్, ఒక మట్టి నేల చాలు. బాస్కెట్‌బాల్ మట్టిలో సరిగ్గా ఎగరదు. దానికి గట్టి నేల కావాలి, బోర్డులు కావాలి, రింగులు కావాలి. డబ్బు ఉన్న చోటే కోర్టు ఉంటుంది.

ఇంకో మాట. నైస్మిత్ క్లాసులో మొదటి మ్యాచ్ ఆడింది 18 మంది, అటు తొమ్మిది ఇటు తొమ్మిది. ప్రపంచంలో మొట్టమొదటి బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు. వాళ్లలో ఒక్కడికి కూడా అంతకుముందు బాస్కెట్‌బాల్ రాదు!

తర్వాత కూడా ఇలా ఆలస్యంగా వచ్చినవాళ్లు ఉన్నారు. నైజీరియాలోని లాగోస్‌లో హకీమ్ ఒలాజువాన్ ఫుట్‌బాల్ గోల్‌కీపర్‌గా, హ్యాండ్‌బాల్ ఆటగాడిగా పెరిగాడు. బాస్కెట్‌బాల్ మొదలుపెట్టింది పదిహేనేళ్లప్పుడు. 1984 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో మొదటి పేరు అతనిదే, మైకేల్ జోర్డాన్‌ది మూడోది. కామెరూన్‌కి చెందిన జోయెల్ ఎంబీడ్ వాలీబాల్ ఆడేవాడు. అతనూ పదిహేనేళ్ల దగ్గరే ఇటు మారాడు. 2014లో డ్రాఫ్ట్‌లో మూడో పేరు, 2023లో ఎన్‌బీఏ ఎంవీపీ. సరే, వాళ్లిద్దరూ ఏడడుగుల మనుషులు, మొదలుపెట్టింది మనకంటే చిన్న వయసులో. మనకి ఎన్‌బీఏ అక్కర్లేదు, జోనల్స్‌లో ఒక రౌండ్ దాటితే చాలు. ఎగరడం, చూపు, చేతుల టైమింగ్ ఒక ఆట నుంచి ఇంకో ఆటకి వస్తాయని చెప్పడానికే ఇది.

కబడ్డీ వాళ్ల సంగతీ అంతే. మోకాళ్లు వంచి, నడుం కిందికి దించి, పక్కకి జరుగుతూ ఎదుటివాడి నడుమునే చూస్తూ ఉండడం కబడ్డీలో చిన్నప్పటినుంచీ అలవాటు. బాస్కెట్‌బాల్‌లో మంచి డిఫెండర్‌కి పీడీ సార్ రోజూ అరిచి అరిచి చెప్పేది అదే. రెయిడర్‌కి ఉండేది 30 సెకన్లు, మన షాట్ క్లాక్ 24 సెకన్లు. టైమ్ అయిపోతోందన్న భయంలో బుర్ర పనిచేయడం వాళ్లకి మనకంటే బాగా తెలుసు. మన కాలేజీ కబడ్డీ టీమ్‌లో ఉన్నవాళ్లలో ఒక్కరిని కూడా మనం ఎప్పుడూ బాస్కెట్‌బాల్ ట్రయల్స్‌కి పిలవలేదు.

ఈ మాట గ్రూప్‌లో అంటే రెండు జవాబులు వచ్చాయి. రెండూ న్యాయమైనవే.

మొదటిది: మూడు నెలల్లో బాస్కెట్‌బాల్ నేర్పలేం. ఒప్పుకుంటా. మూడు నెలల్లో పాయింట్ గార్డ్‌ని తయారు చేయలేం. కానీ "మీ మనిషిని వదలకు, బాల్ రింగుకి తగలగానే వాణ్ణి వీపుతో అడ్డుకుని ఎగురు, దొరికిన బాల్ దగ్గర్లో ఉన్న గార్డ్‌కి ఇవ్వు" అని నేర్పొచ్చు. మూడే పనులు. మ్యాచ్‌లో పది నిమిషాలు ఆ మూడు పనులు చేసేవాడు మనకి లేకే పోయినసారి ఓడిపోయాం.

రెండోది: రెండేళ్లుగా బెంచ్ మీద కూర్చున్న సీనియర్ల సంగతేంటి? ఇది కష్టమైన ప్రశ్న. రోజూ ప్రాక్టీస్‌కి వచ్చి, మ్యాచ్ రోజు వాటర్ బాటిల్స్ మోసినవాళ్లు వాళ్లు. వాళ్లని తీసేయమని నేను అనడం లేదు. కానీ సీనియారిటీనే రూల్ అయితే ఏమవుతుందో ఒక కథ ఉంది. 1965 నవంబర్ 27న అమెరికాలోని యూసీఎల్ఏలో మెయిన్ టీమ్‌కి, ఫస్ట్ ఇయర్ టీమ్‌కి ఒక మ్యాచ్ పెట్టారు. మెయిన్ టీమ్ అంటే 1964, 1965 రెండేళ్లూ నేషనల్ ఛాంపియన్. ఫస్ట్ ఇయర్ పిల్లలు 75-60తో గెలిచారు. అందులో 31 పాయింట్లు కొట్టిన కుర్రాడు లూ ఆల్సిండర్, తర్వాత కరీం అబ్దుల్ జబ్బార్ అయ్యాడు. కానీ అప్పటి రూల్ ప్రకారం ఫస్ట్ ఇయర్ వాళ్లు మెయిన్ టీమ్‌లో ఆడకూడదు. ఆ సీజన్ మెయిన్ టీమ్ నేషనల్ టోర్నమెంట్‌కే వెళ్లలేకపోయింది. ఆల్సిండర్ వచ్చాక 1967, 68, 69 మూడేళ్లూ టైటిల్ వాళ్లదే. ఆ రూల్ 1972లో తీసేశారు. మన దగ్గర అలాంటి రూల్ ఎక్కడా రాసి లేదు. రాయకుండానే పాటిస్తున్నాం.

కాబట్టి నేను అడిగేది ఇదీ. ఖాళీ ఉన్నవి ఏడు జెర్సీలు. నాలుగు బెంచ్ మీద ఎదురుచూసిన సీనియర్లకే ఇవ్వండి, అది వాళ్ల హక్కు. మూడు మాత్రం వాలీబాల్, కబడ్డీ గ్రౌండ్ల నుంచి తెచ్చుకుందాం. ట్రయల్స్‌లో మొదటి పరీక్ష డ్రిబ్లింగ్ వద్దు. గోడ దగ్గర నిలబెట్టి ఎగరమందాం, సుద్దతో గీత గీద్దాం. ఇరవై మీటర్లు పరిగెత్తమందాం. ఒక్కొక్కరికి పది రీబౌండ్లు వేద్దాం, ఎన్ని పట్టాడో చూద్దాం.

ఇది నాకు ఫ్రీగా ఏం రాదు. ముగ్గురు గార్డుల్లో మూడోవాణ్ణి నేను. కొత్త సెంటర్ పది నిమిషాలు ఆడితే ఆ పది నిమిషాలు ఎవరివో నాకు తెలుసు.

పాస్ అవుట్ అవుతున్న అన్నలకి ఒక రిక్వెస్ట్: మీ కోర్టు షూస్ సోల్ బాగుంటే పీడీ రూమ్‌లో ఇచ్చి వెళ్లండి. కాన్వాస్ షూస్‌తో ఎగిరి దిగితే చీలమండ మడత పడుతుంది. కొత్తవి కొనుక్కో అని మనం సులువుగా అనేస్తాం, వాళ్ల ఇంట్లో అది ఒక నెల ఖర్చు కావొచ్చు.

పోయిన వారం వాణ్ణి కలిశా. సారీ చెప్పా. "అయ్యో, గదేందన్నా" అన్నాడు. మళ్లీ ట్రయల్స్‌కి రమ్మన్నా. వాడిప్పుడు వాలీబాల్ టీమ్‌లో ఉన్నాడు, రావాలా వద్దా అన్నది వాడిష్టం. కాసేపు ఆలోచించి ఒకటే అడిగాడు: "ప్రాక్టీస్ ఐదింటికి గదన్నా. బస్సు 4:20కే పోతది. మరి నేను ఊరికెట్ల పోవాలె?"

నేను హాస్టల్లో ఉంటా. రెండేళ్లుగా ఐదింటికి ప్రాక్టీస్‌కి పోతున్నా. డే స్కాలర్లు ఎందుకు రారో నేనెప్పుడూ ఆలోచించలేదు. వారానికి రెండు రోజులు చివరి పీరియడ్‌ని ప్రాక్టీస్‌కి ఇచ్చి, దాన్ని 75 శాతం అటెండెన్స్ లెక్కలో కలిపితే, 4:20 బస్సు ఎక్కేవాళ్లు కూడా టీమ్‌లో ఉండగలరు. అది పీడీ సార్, ప్రిన్సిపాల్ సార్ తలుచుకుంటే అయ్యే పని. ట్రయల్స్ నోటీస్ పడేలోపు అది తేలితే, ఈసారి మన టీమ్ ఎట్లుంటదో నేను చెప్తా.