ఒప్పందంలో లేని ఉద్యోగం

ఫ్యాక్టరీ యాజమాన్యాలకు ఇంటర్వ్యూ మీద నమ్మకం తగ్గి చాలా కాలమైంది. కుర్రాడు వారం పాటు వరుసగా నైట్ షిఫ్టుకు వస్తాడా? మేడారం జాతరకు ఊరెళ్తే చెప్పిన తేదీకి తిరిగొస్తాడా? మెషీన్ చప్పుడులో తేడా వస్తే పసిగడతాడా? పావుగంట మాటల్లో ఇవేవీ తేలవు, పనిలో పెట్టుకుని చూడాల్సిందే. చదువు పూర్తవకముందే విద్యార్థిని కొన్ని నెలలు ఫ్యాక్టరీలో నిలబెట్టి చూసుకునే శిక్షణ అందుకే పరిశ్రమకు నియామక మార్గమైంది. ఐటీఐల్లో ఏటా 150 గంటల ఆన్ జాబ్ ట్రైనింగ్ లేదా గ్రూప్ ప్రాజెక్టు ఇప్పుడు సిలబస్‌లోనే ఉంది. ఆ తర్వాత అప్రెంటిస్‌షిప్. పెద్ద తయారీ పరిశ్రమలు అంతగా లేని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పిల్లలకు ఫ్యాక్టరీలోకి ఇంతకంటే దగ్గరి దారి లేదు. ఆ దారి చివర ఉద్యోగం ఉందో లేదో బయల్దేరేటప్పుడే వాళ్లకు తెలియాలి. ఇప్పుడు తెలియడం లేదు.

చట్టమే ఆ సంగతిని తేల్చకుండా వదిలేసింది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద, 2019లో సవరించిన నిబంధనల ప్రకారం, 30 మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రతి సంస్థా తన బలగంలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. వాళ్లలో ఎందరిని ఉంచుకోవాలో మాత్రం చెప్పలేదు. 22వ సెక్షన్‌ను 2014లో సవరించి, నియామకాలపై యాజమాన్యాలు ఎవరి విధానం వాళ్లే రూపొందించుకోవాలన్నారు. 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ కార్మికుడు కాడు, శిక్షణార్థి. పీఎఫ్ వర్తించదు. ఇతర అర్హతలు సమానమైనప్పుడు శిక్షణ పొందినవారికే ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 1995లో ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ కేసులో చెప్పింది. కానీ ప్రాధాన్యం వేరు, హామీ వేరు. ప్రభుత్వ రంగంలో స్పష్టమైన వాటా ఇచ్చింది రైల్వే. లెవెల్-1 పోస్టుల్లో 20 శాతం తమ దగ్గర అప్రెంటిస్ పూర్తిచేసినవారికే కేటాయించింది. భూపాలపల్లిలో సింగరేణి గనులున్నాయి, చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. అక్కడ అప్రెంటిస్ చేసినంత మాత్రాన ఆర్డర్ చేతికి రాదు. నోటిఫికేషన్ పడాలి, పరీక్ష రాయాలి, వేల మందితో పోటీ పడాలి.

ఇంతకీ ఆ కొన్ని నెలల్లో ఏం నేర్చుకుంటారు? ఐటీఐ వర్క్‌షాపులో ఫిట్టర్ విద్యార్థి ఇనుప ముక్కను వైస్‌లో బిగించి ఆకురాయితో రాకుతాడు. మట్టం ఆనించి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, సందు కనిపిస్తోందా అని చూస్తాడు. మంచి విద్యే. ఫ్యాక్టరీలో సీఎన్‌సీ మెషీన్ మీద మొదటి పీస్ దిగగానే మైక్రోమీటర్‌తో కొలవాలి, కొలత రాయాలి, ఇన్‌స్పెక్టర్ సంతకం పడ్డాకే మిగతా లాట్ నడపాలి. ఆ సంతకానికి ముందు ఎందుకు ఆగాలో, కొలత పక్కకు జరుగుతుంటే టూల్ ఎప్పుడు మార్చాలో పక్కన నిలబడి చెప్పే సీనియర్ ఉంటే ఆర్నెల్లలో కుర్రాడు పనిమంతుడవుతాడు. అలాంటివాణ్ని వదులుకోవడానికి ఏ యాజమాన్యమూ ఇష్టపడదు. చెప్పేవాళ్లు లేనిచోట అదే కుర్రాడు ఏడాదంతా డబ్బాలకు టేపు వేస్తాడు. ఏడాది తిరిగాక అతణ్ని పంపేసి, అదే బల్ల దగ్గర కొత్త బ్యాచ్‌ను నిలబెడితే అది శిక్షణ కాదు, కూలి మిగుల్చుకోవడం. సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఫ్యాక్టరీ శిక్షణ కోసం 2013లో తెచ్చిన నీమ్ పథకం ఈ విమర్శతోనే అప్రతిష్ఠ పాలైంది, చివరికి దాన్ని ఎత్తేయాల్సి వచ్చింది.

మన జిల్లాల పిల్లలకు దీనికి తోడు దూరం బరువు. 2019 నిబంధనల ప్రకారం ఐటీఐ పాసైనవారికి కనీస స్టైపెండ్ నెలకు రూ.7,000, డిప్లొమావారికి రూ.8,000. రూ.5,000-9,000గా ఉన్న పరిధిని రూ.6,800-12,300కు పెంచాలని కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి 2025 మేలో సిఫార్సు చేసింది. జనగామ కుర్రాడైతే పొద్దున్నే రైలెక్కి చర్లపల్లి ఫ్యాక్టరీల వైపు వెళ్లి రాత్రికి ఇల్లు చేరగలడేమో. గూడూరు, కొత్తగూడ తండాల పిల్లవాడికి ముందు మహబూబాబాద్ స్టేషన్‌కు చేరుకోవడమే ఒక ప్రయాణం. భూపాలపల్లికి ప్రయాణికుల రైలే లేదు. హైదరాబాద్‌లో గది అద్దె, మెస్ బిల్లు, బస్ పాస్ పోగా ఇంటికి పంపేదేమీ మిగలదు, పైగా ఇంటి నుంచే తెప్పించుకోవాల్సి వస్తుంది. రెండు నెలలకే మానేసి వచ్చినవాణ్ని ‘ఓపిక లేదు’ అనడం చూస్తుంటాం. ఆ మాట అన్యాయం. ఓపిక అతనికుంది, డబ్బే లేదు.

అందుకే దగ్గర్లో వస్తున్న పరిశ్రమల సంగతి ముఖ్యం. గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. కేరళకు చెందిన కైటెక్స్, కొరియా కంపెనీ యంగ్‌వన్ అక్కడికి వచ్చాయి. దుస్తుల తయారీకి ఎక్కువగా కావాల్సింది కుట్టు మెషీన్ల మీద ఆడపిల్లలు. జనగామ, మహబూబాబాద్ పల్లెల నుంచి వాళ్లు రావాలంటే ఊరి దాకా బస్సో, నమ్మకమైన హాస్టలో ఉండాలి. తల్లిదండ్రులు ముందు అడిగేది జీతం గురించి కాదు, పిల్ల ఎన్నింటికి ఇంటికొస్తుందని. కాజీపేట దగ్గర అయోధ్యాపురంలో రైల్వే తయారీ యూనిట్‌కు 2023 జులై 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. అక్కడ వెల్డర్లు, ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు కావాలి. టాటా టెక్నాలజీస్‌తో కలిసి రాష్ట్రంలోని 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. మెషీన్లు వస్తాయి, సంతోషమే. కానీ టెక్స్‌టైల్ పార్కులో, కాజీపేట యూనిట్‌లో రేపు ఏ ట్రేడులో ఎందరు కావాలో ఇప్పుడే అడిగి, ఆ లెక్కకు తగ్గట్టు సీట్లు పెట్టకపోతే ఆ కొత్త మెషీన్ల మీద పని నేర్చుకున్నవాడు కూడా చర్లపల్లి రైలే ఎక్కుతాడు.

జర్మనీలో ఇదే పద్ధతి నిలబడిందంటే కారణం ఉంది. అక్కడ 1969 నుంచి వృత్తి శిక్షణకు ప్రత్యేక చట్టం ఉంది. పిల్లవాడు వారంలో కొన్ని రోజులు బడికి, మిగతా రోజులు కంపెనీకి వెళ్తాడు. చివరి పరీక్ష నిర్వహించేది కంపెనీ కాదు, వాణిజ్య మండలి. యాజమాన్యం వద్దన్నా ఆ సర్టిఫికెట్‌కు దేశమంతా విలువ ఉంటుంది.

ఇక్కడ అంత ఏర్పాటు ఒక్కరోజులో రాదు. చేయగలిగింది మాత్రం ఖర్చు లేనిది. ప్రతి ఐటీఐ, ప్రతి పాలిటెక్నిక్ తన నోటీసు బోర్డు మీద కంపెనీల వారీగా నాలుగు అంకెలు రాయాలి: నిరుడు ఎందరు వెళ్లారు, ఎందరు పూర్తిచేశారు, ఎందరికి నియామక పత్రం వచ్చింది, చేతికి వస్తున్న జీతమెంత. కంపెనీతో ఒప్పందం రాసుకునేటప్పుడు కనీసం ఎంత శాతం మందిని ఉంచుకుంటారో అడిగి అందులోనే రాయించాలి. గదికో, బస్సుకో సాయం చేస్తారా అన్నదీ అందులో ఉండాలి. రాయడానికి ఒప్పుకోని కంపెనీకి పిల్లల్ని పంపాలా వద్దా అన్నది ప్రిన్సిపాల్ చేతిలోని నిర్ణయం.