తలుపు తెరిచిన చేయి

మా విద్యార్థులతో ఒకరోజు గోల్కొండ కోటను దర్శించాము. బాలాహిస్సార్ ద్వారం వద్ద చప్పట్లు చరిస్తే కొండపైన వినిపిస్తుంది. వచ్చేవారి జాడ కాపలావారికి తెలిపే ఏర్పాటది. 1687లో ఆ కోట ఎనిమిది నెలలు మొగలుల ముట్టడిని తట్టుకున్నది. ఫిరంగులకు లొంగలేదు. లోపలి సేనాని ఒకడు ధనాశతో రాత్రివేళ తలుపు తెరిపించాడు. అబ్దుర్రజ్జాక్ లారీ మాత్రం ఒంటినిండా గాయాలయ్యేవరకు పోరాడి, నగీనా బాగ్ తోట చెంత పడిపోయాడని చెబుతారు. సుల్తాన్ అబుల్ హసన్ దౌలతాబాద్ చెరలో కన్నుమూశారు.

ద్వారం కాపలా ఒక అమానతు. ఇంటి గుట్టు, అనాథ సొమ్ము, పొరుగువారు దాచమన్న వస్తువు కూడా అమానతులే. వాటిని కాపాడని ఇంటికి ఎత్తైన గోడలు రక్షణ కావు. అల్లాహ్ మనల్ని అమానతును నిలుపుకునేవారిగా చేయుగాక! ఆమీన్.