బెసలేలును ఏ గ్రూపులో చేర్పిద్దాం?

పదో తరగతి ఫలితాలు వెలువడిన తర్వాత వచ్చే మొదటి ఆదివారం ప్రార్థన విన్నపాల చీటీల్లో ఏముంటుందో విప్పకుండానే చెప్పవచ్చు. మా అబ్బాయికి మంచి కాలేజీలో ఎంపీసీ సీటు రావాలని ఒకరు, మా అమ్మాయికి బైపీసీలో ఫీజు రాయితీ దొరకాలని ఇంకొకరు. ఇన్నేళ్ల పరిచర్యలో ఇలాంటివి కొన్ని వందలు చదివాను. మా పాపకు బొమ్మలు గీసే వరమిచ్చిన దేవుడు దాన్ని ఎలా వాడుకోవాలో కూడా చూపించాలని రాసిన చీటీ ఒక్కటీ నా చేతికి రాలేదు. అలాంటి పిల్లలు మన సంఘాల్లో లేరా? క్రిస్మస్ నాటకానికి బేత్లెహేము తెర గీసేదెవరు? వేసవిలో వీబీఎస్ గోడల మీద నోవహు ఓడను, యోనాను మింగిన చేపను నిలబెట్టేదెవరు? డిసెంబరులో ఆ పిల్లకు చప్పట్లు కొడతాం. వేసవి సెలవులు ముగిసేలోగా ఆమె చేతిలోని కుంచె లాక్కుంటాం.

ఈసారి ఒక తండ్రి చీటీ రాయకుండా కూతుర్ని వెంటబెట్టుకుని నేరుగా మా ఇంటికే వచ్చారు. "అయ్యగారూ, లెక్కల్లో దీనికి మంచి మార్కులొచ్చాయి. ఎంపీసీలో చేర్పిద్దామంటే బొమ్మల కోర్సు చేస్తానంటోంది. బొమ్మలు అన్నం పెడతాయా చెప్పండి? మీ మాటైతే వింటుంది. కాస్త వాక్యం చెప్పి ఒప్పించండి" అన్నారు. ఆ అమ్మాయి తల వంచుకుని చాప అంచు లాగుతూ కూర్చుంది.

వాక్యం చెప్పి ఒప్పించడం కష్టమేమీ కాదు. సుమారు పదిహేనేళ్ల క్రితం ఒక అబ్బాయి విషయంలో ఆ పని చేశాను. ఏ పాటైనా ఒకసారి వింటే కీబోర్డు మీద పలికించేవాడు. సంగీత కళాశాలలో చేరతానన్నాడు. తండ్రి కోరిక మేరకు ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయం తెరిచి, పిల్లలు తల్లిదండ్రులకు లోబడాలనే మొదటి వచనం వాడి చేతే చదివించాను. అదే అధ్యాయం నాలుగో వచనంలో తండ్రులకూ ఒక ఆజ్ఞ ఉంది, పిల్లలకు కోపం రేపవద్దని. దాన్ని ఆ తండ్రికి చదివి వినిపించలేదు. మరచిపోయి కాదు, ఆయన మా సంఘ పెద్ద. అబ్బాయి రెసిడెన్షియల్ కాలేజీలో చేరాడు, ఇంజనీరింగ్ పూర్తి చేశాడు, ఇప్పుడు బెంగళూరులో మంచి ఉద్యోగంలో ఉన్నాడు. దేవునికి స్తోత్రం, చెడిపోలేదు. ఏటా క్రిస్మస్‌కు వచ్చి చివరి బెంచీలో కూర్చుంటాడు. ఒక ఏడాది కీబోర్డు వాయించే కుర్రాడు రాకపోతే "నువ్వు కూర్చో నాన్నా" అని పిలిచాను. "చేతులు మర్చిపోయాయి అయ్యగారూ" అని నవ్వాడు. ఆ ఉదయం నేను చేసిన ప్రసంగం ఏమిటో నాకు గుర్తులేదు. ఆ నవ్వు గుర్తుంది.

అందుకే ఈ తండ్రీకూతుళ్లతో ఎఫెసీ పత్రిక కాకుండా నిర్గమకాండము 31వ అధ్యాయం తీయించాను. యోసేపులో దేవుని ఆత్మ ఉందని అంతకు ముందే ఫరో అన్నాడు గాని, అది ఫరో మాట. ఫలానా మనిషిని నా ఆత్మతో నింపానని దేవుడే పేరు పెట్టి చెప్పడం బైబిలులో మొదటిసారి కనిపించేది ఇక్కడే. ఆ మనిషి ప్రవక్త కాడు, యాజకుడు కాడు, రాజు అసలే కాడు. యూదా గోత్రికుడైన బెసలేలు. బంగారం, వెండి, ఇత్తడి పనిచేసేవాడు, రాళ్లు చెక్కేవాడు, కొయ్య మీద నగిషీ దిద్దేవాడు. అతనికి తోడుగా దాను గోత్రపు అహోలీయాబు. నీల, ధూమ్ర, రక్తవర్ణాల నూలుతో బుటా పని చేసినవాడు. ఆ విద్యను ఇతరులకు నేర్పే బుద్ధిని కూడా దేవుడు వాళ్లకిచ్చాడని 35వ అధ్యాయం చెబుతుంది.

బెసలేలుకు లెక్కలు రాకుండా ఈ పని జరగదు. మందసం పొడవు రెండున్నర మూరలు, వెడల్పు, ఎత్తు మూరన్నర చొప్పున. పలకలు, దిమ్మలు, కొంకులు, అన్నిటికీ కొలత ఉంది. దేవుడు ఒకే మనిషికి జ్ఞానం, వివేకం, పనితనం కలిపి ఇచ్చాడు. చదువు ఒక గదిలోనూ, కళ ఇంకో గదిలోనూ పెట్టి మధ్యలో గోడ కట్టింది మనం.

అయితే కళ అనగానే చేతులెత్తి మొక్కనక్కర్లేదు. నిర్గమకాండంలో ఒక్క పేజీ తిప్పితే 32వ అధ్యాయంలో అహరోను పోగర పట్టి బంగారు దూడను తయారుచేశాడు. అదే లోహం, అలాంటి పనిముట్లే. కుంచె పట్టినంత మాత్రాన పిల్ల దేవుని పనిలో ఉందనుకోవడం పొరపాటు. స్టెతస్కోపు పట్టిన పిల్లవాడి విషయంలో కూడా అంతే, కాకపోతే వాడి తల్లిదండ్రులతో ఈ మాట అనే ధైర్యం మాలాంటివాళ్లకు తక్కువ.

ఇక ఆ తండ్రి ప్రశ్న. బొమ్మలు అన్నం పెడతాయా? ఈ ప్రశ్నను చులకన చేసే హక్కు నాకు లేదు. మన సంఘాల్లో చాలామంది తాతలు ఒకరి పొలంలో కూలి చేసినవాళ్లు. మిషన్ బడిలో అక్షరం దిద్దడంతో వాళ్ల బతుకు మారింది. చదువు, ఉద్యోగం, పక్కా ఇల్లు అనే మెట్లు ఎక్కి వచ్చిన ఇంట్లో పిల్ల మెట్టు పక్కకు కాలు పెడతానంటే కన్నవారికి గుండె జారుతుంది. అది డబ్బాశ కాదు, భయం.

పైగా ఇది బైబిలులోనే ఉన్న ప్రశ్న. దావీదు కాలంలో గానవిద్యలో ప్రవీణులు 288 మంది ఉన్నారని మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయం లెక్క చెబుతుంది. రాత్రింబగళ్లు అదే పనిలో ఉంటారు గనుక వాళ్లకు వేరే పనులు అప్పగించలేదని తొమ్మిదో అధ్యాయం అంటుంది. కానీ నెహెమ్యా 13వ అధ్యాయానికి వచ్చేసరికి పరిస్థితి చూడండి. లేవీయులకు, గాయకులకు రావలసిన భాగం రాలేదు. వాళ్లు ఆలయం విడిచి ఎవరి పొలానికి వాళ్లు వెళ్లిపోయారు. పాట అన్నం పెట్టలేదు! అప్పుడు నెహెమ్యా గాయకుల్ని తిట్టలేదు, మీరు వేరే గ్రూపు తీసుకోవలసింది అనలేదు. అధికారుల్ని నిలదీశాడు. దేవుని మందిరాన్ని ఎందుకు ఇలా వదిలేశారని అడిగాడు.

ఆ నిలదీత మన కమిటీలకు కూడా వర్తిస్తుంది. కీబోర్డుకు, సౌండు సిస్టమ్‌కు లక్షలు పోగుచేసే సంఘం, దాన్ని వాయించే కుర్రాడికి సంగీతం నేర్పించడానికి నెలకు వెయ్యి రూపాయలు కేటాయించదు. ఇంజనీరింగ్ విద్యార్థికి స్కాలర్‌షిప్ ఇచ్చే సంఘాలు ఉన్నాయి, మంచిదే. ఫైన్ ఆర్ట్స్ విద్యార్థికి ఇచ్చిన సంఘం నాకు తారసపడలేదు. మెదక్ చర్చికి విహారయాత్ర వెళ్లి, 1924లో ప్రతిష్ఠించిన ఆ మందిరంలోని రంగుటద్దాల కిటికీల ముందు నిలబడి ఫొటోలు దిగుతాం. అవి కూడా ఎవరో ఒకరు బొమ్మలు గీయడం నేర్చుకుంటేనే వచ్చాయి.

ఆ రోజు మేం ముగ్గురం కూర్చుని కొన్ని వివరాలు కాగితం మీద రాసుకున్నాం. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువే చెప్పాడు గదా. బీఎఫ్ఏ కోర్సు నాలుగేళ్లు. ఇంటర్ ఏ గ్రూపుతో చదివినా ప్రవేశ పరీక్ష రాయవచ్చు. హైదరాబాద్‌లో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో చిత్రలేఖనం, శిల్పం, అప్లైడ్ ఆర్ట్ వంటి విభాగాలున్నాయి. కడపలో 2020లో ఇలాంటిదే మరో విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఎన్ఐడీ, నిఫ్ట్ సంస్థల డిజైన్ డిగ్రీకి కూడా ఫలానా గ్రూపే ఉండాలన్న నియమం లేదు. భవనాలు గీసే ఆర్కిటెక్చర్‌కు మాత్రం ఇంటర్‌లో గణితం తప్పనిసరి. తండ్రి ఈ మాట దగ్గర రెండోసారి అడిగి రాసుకున్నారు. ఎంపీసీ చదివినా బొమ్మల దారి మూసుకుపోదని కూతురికీ, సీఈసీ చదివినంత మాత్రాన బతుకు మునిగిపోదని తండ్రికీ ఒకేసారి తెలిసింది.

నా ఉద్దేశంలో గ్రూపు కంటే కాలేజీ ఎంపికే పెద్ద విషయం. తెల్లవారకముందే లేపి రాత్రి పడుకునేదాకా బల్లకు కట్టేసే చోట ఏ గ్రూపులో చేర్పించినా రెండేళ్లలో చేతులు మర్చిపోతాయి. సాయంత్రం ఇంటికి వచ్చే కాలేజీ అయితే రోజుకు ఒక గంట మిగులుతుంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్న వార్తలు మనమంతా చదివాం. ఆ తర్వాత కూడా ఊపిరాడని చోటికి పిల్లల్ని పంపి, వాళ్ల కోసం ఉపవాస ప్రార్థనలు పెట్టుకుంటే ఎలా?

అమ్మాయితో కూడా గట్టిగానే మాట్లాడాను. వీబీఎస్‌లో అందరూ బాగుందన్నంత మాత్రాన అది వరం కాదు, పరీక్షకు నిలవాలి. ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలున్నాయి, ముందు లోయర్ రాయమన్నాను. రోజూ గంట చొప్పున ఆరు నెలలు ఎవరూ మెచ్చుకోకపోయినా గీయగలవా అని అడిగాను. సమాధానం చెప్పకుండా సంచిలోంచి ఒక పాత లాంగ్ నోట్‌బుక్ తీసి తండ్రి ముందు పెట్టింది. నిండా చేతులే. పిండి కలుపుతున్న చేతులు, సైకిల్ చైను సరిచేస్తున్న చేతులు, బైబిలు పట్టుకున్న ముసలి చేతులు. తండ్రి ఒక్కొక్క పేజీ తిప్పుతూ ఒక చోట ఆగారు. "ఇది మా అమ్మ చెయ్యి" అన్నారు. ఆమె ప్రభువు నందు నిద్రించి మూడేళ్లయింది.

దరఖాస్తులో గ్రూపు గడి ఆ రోజు నింపలేదు. గడువుకు ఇంకా వారం ఉంది. వెళ్లేముందు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, మా వీధి చివర ఉండే రిటైరైన డ్రాయింగ్ మాస్టారు సాయంత్రం ఎన్నింటికి ఇంట్లో ఉంటారని ఆయనే అడిగారు.