లూప్ ఎందుకు.. ఒక్క క్వెరీ చాలదా?

ఏఐ టూల్‌కి నాలుగు మాటలు చెబితే కోడ్ చేతికొచ్చేస్తోంది. పది వరుసల శాంపిల్ డేటాపై చక్కగా పనిచేస్తుంది కూడా. చిక్కంతా డేటా లక్షల్లోకి వెళ్లినప్పుడే. కోడ్ రాయడం తేలికైన కొద్దీ, ఏ కోడ్ ఎందుకు మంచిదో చెప్పగలగడమే ఫ్రెషర్లకు అసలు బలం.

ఉదాహరణకు, కరెంటు బిల్లు గడువు దాటిన 10 లక్షల మందికి ఆలస్య రుసుము కలపాలనుకోండి. జావా, పైథాన్ నేర్చుకున్న మనకు ముందుగా తట్టేది లూప్. ఒక్కొక్కరి రికార్డు తెచ్చుకోవడం, రుసుము కలపడం, తిరిగి రాయడం. అంటే మనిషికి రెండుసార్లు డేటాబేస్ దాకా వెళ్లిరావాలి. ఒక్కో రాకపోకకు ఒక్క మిల్లీసెకనే వేసుకున్నా మొత్తం 33 నిమిషాలు దాటిపోతుంది!

ఎస్‌క్యూఎల్‌లో ఇది ఒక్క అప్‌డేట్ స్టేట్‌మెంట్. డేటా ఉన్నచోటే పని జరుగుతుంది కాబట్టి ఇన్ని రాకపోకలుండవు. పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌లో అది మధ్యలో విఫలమైతే మార్పులన్నీ వెనక్కి పోతాయి. సగం మందికి రుసుము పడి, మిగతా సగానికి పడని గందరగోళం రాదు. లూప్‌లో ఆ జాగ్రత్త మీరే తీసుకోవాలి.

దీని వెనక ఉన్న ఆలోచన పాతదే. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో రిలేషనల్ మోడల్‌ను ప్రతిపాదించారు. దాని ఆధారంగా అక్కడే చాంబర్లిన్, బాయిస్ 1974లో రూపొందించిన ‘సీక్వెల్’ తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. ఏం కావాలో మీరు చెప్పాలి, ఎలా తేవాలో డేటాబేస్‌లోని ఆప్టిమైజర్ చూసుకుంటుంది. రేపు సరైన ఇండెక్స్ చేర్చితే, క్వెరీలో ఒక్క అక్షరం మార్చకుండానే వేగం పెరగొచ్చు.

‘లెక్కలు క్లిష్టమైతే లూప్ తప్పదు కదా’ అంటారా? చాలావరకు అక్కర్లేదు. ర్యాంకులు, రన్నింగ్ టోటల్స్ లాంటివాటికి విండో ఫంక్షన్లున్నాయి. మైఎస్‌క్యూఎల్‌లో కూడా 2018లో వచ్చిన 8.0 వెర్షన్ నుంచి ఇవి దొరుకుతున్నాయి.

అలాగని అన్నీ క్వెరీలోనే కుక్కేయకండి. ఎస్సెమ్మెస్ పంపడం, పేమెంట్ గేట్‌వేతో మాట్లాడటం ప్రోగ్రామ్ పనులే. మరీ పెద్ద అప్‌డేట్ అయితే ఆ వరుసలు చాలాసేపు లాక్ అయి, మిగతావాళ్ల పని ఆగిపోవచ్చు. అప్పుడు కొన్ని వేల చొప్పున విడగొట్టడమే మేలు. ఇంటర్వ్యూలో ఈ పరిమితులు కూడా చెబితే మీకు విషయం నిజంగా తెలుసని అర్థమవుతుంది.

ఈ వారమే ప్రయత్నించండి. పోస్ట్‌గ్రెస్ ఉచితమే. లక్ష వరుసల టేబుల్ ఒకటి తయారుచేసి, ఒకే పనిని లూప్‌తోనూ, క్వెరీతోనూ చేసి టైమ్ రాసుకోండి. ‘ఎక్స్‌ప్లెయిన్’ కమాండ్‌తో డేటాబేస్ ఎంచుకున్న దారి చూడండి. రెజ్యూమెలో ‘ఎస్‌క్యూఎల్ తెలుసు’ అన్న ముక్క కంటే మీరు స్వయంగా కొలిచిన ఆ రెండు అంకెలు ఎక్కువ మాట్లాడతాయి.