సేవ సరే, నడుం ఎవరిది?

మొన్న మా బంధువుల్లో ఒక పెద్దావిడ హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చారంటే చూడ్డానికి వెళ్ళాను. కోడలు ఆవిడ చంకల కింద చేతులేసి దిండు మీదికి లాగుతోంది. గదిలో నలుగురం ఉన్నాం. అందరిదీ ఒకటే మాట: "కన్నకూతురైనా ఇంతలా చెయ్యదమ్మా!" ఆ పిల్ల నవ్వి, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, కాఫీ పెట్టడానికి లోపలికెళ్ళింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు, ఆ మెచ్చుకోలు మీద.

ఎందుకంటే మూడేళ్ళ క్రితం ఆ మెచ్చుకోళ్ళన్నీ నేనూ అందుకున్నాను. అత్తయ్యకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. డిశ్చార్జి రోజు మందుల చీటీ ఇచ్చారు, ఏం తినిపించాలో చెప్పారు, వీపున పుళ్ళు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పమన్నారు. ఎలా తిప్పాలో మాత్రం ఎవరూ చూపించలేదు. నేనూ అడగలేదు. అదేదో ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చే విద్య అయినట్టు! ఐదో నెలలో ఒక తెల్లవారుజామున ఆవిణ్ణి పైకి లాగుతుంటే నడుం కలుక్కుమంది. డిస్కు జారిందన్నారు. ఆరు వారాలు నేనూ మంచమే. పక్కగదిలోంచి అత్తయ్య ముద్దముద్దగా "నా వల్లేగా" అని ఏడవడం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆవిడ వల్ల కాదు. ఆ పని నా ఒక్కదానికే వదిలేయడం వల్ల.

లెక్క చూడండి. నిండు గ్యాస్ బండ దాదాపు 30 కిలోలు. దాన్ని మనం ఎత్తబోతే "ఆగు, నేను పెడతా" అని ఇంట్లో మగవాళ్ళు లేచొస్తారు. పనిచేసేవాళ్ళ ఆరోగ్య భద్రత మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్‌లో ఒక పరిశోధకుడు, రోగిని చేతులతో ఎత్తాల్సి వస్తే, అన్నీ అనుకూలంగా ఉన్నా సరే, 35 పౌన్లు, అంటే సుమారు 16 కిలోలు మించకూడదని 2007లో లెక్కగట్టాడు. సగం బండ అన్నమాట! మా అత్తయ్య 62 కిలోలు. పైగా బండకి పట్టుకోడానికి పిడి ఉంటుంది, అది భయపడి మన మెడ పట్టుకుని వేలాడదు.

నేను పడిపోయాక మావారు, మరిది కలిసి ఒక ఫిజియోథెరపిస్టుని ఇంటికి పిలిపించారు. ఐదు నెలల్లో నాకెవరూ చెప్పని విద్య వాళ్ళకి అరగంటలో వచ్చేసింది. అదేమిటో చెప్తాను.

మనిషిని ఎత్తకూడదు, జరపాలి. ఒక దుప్పటిని మడిచి, భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా ఎప్పుడూ ఆవిడ కింద పరిచి ఉంచాలి. పైకి జరపాలంటే ముందు మంచం తలవైపు చదునుగా దించి, దిండు తీసెయ్యాలి. చెరోవైపు ఒకరు నిలబడి, దుప్పటి అంచుల్ని ఆవిడ ఒంటికి దగ్గరగా చుట్టి పట్టుకోవాలి. కాళ్ళు ఎడంగా, మోకాళ్ళు కొంచెం వంచి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి ఇద్దరూ ఒక్కసారే జరపాలి. ఆవిడ కూడా బాగున్న కాలు మడిచి మడమతో నొక్కితే సగం పని ఆవిడే చేసుకుంటుంది.

పక్కకి తిప్పాలంటే, ఎటు తిప్పుతామో అటువైపే మనం నిలబడాలి. అవతలి మోకాలు మడిచి, అవతలి చెయ్యి ఛాతీ మీద పెట్టి, భుజం వెనకా తుంటి మీదా చేతులేసి మనవైపు దొర్లించుకోవాలి. పడిపోయిన చెయ్యి పట్టి మాత్రం లాగకూడదు, భుజం కీలు దెబ్బతింటుంది. నేను లాగినప్పుడల్లా అత్తయ్య ఎందుకు మూలిగేదో నాకప్పుడు తెలిసింది. మంచం మన నడుం ఎత్తులో ఉండాలి. అద్దెకి తెచ్చుకునేటప్పుడు ఎత్తు పెంచే వీలున్న మంచమే అడగండి. పాత మంచమే గతైతే, ఒక మోకాలు మంచం మీద ఆనించి చెయ్యండి. వంగి నడుం తిప్పకండి, పాదాలు తిప్పండి.

"మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా, మేం చెయ్యలేదా?" అంటారు పెద్దవాళ్ళు. చేశారు. అప్పుడు ఇంట్లో నలుగురి చేతులుండేవి. అయినా వంగిపోయిన ఎన్ని నడుముల్ని మనం ముసలితనం కింద రాసేసుకున్నామో! "ఆయాని పెట్టుకోరాదూ" అంటారు ఇంకొందరు. ఆయాది మాత్రం నడుం కాదా? ఆవిడకీ ఆ దుప్పటి కావాలి, రెండో మనిషి కావాలి.

అందుకే నేననేది, డిశ్చార్జి రోజున ఎలా తిప్పాలో, ఎలా జరపాలో నర్సు చేతో ఫిజియో చేతో చేయించి చూపించేదాకా అక్కణ్ణించి కదలకండి. మీరొక్కరే నేర్చుకోకండి. ఇంట్లో మగవాళ్ళలో ఒకరిచేత వాళ్ళ ఎదుటే చేయించండి. నొప్పి మొదలైతే దాచుకోకండి. మనం మంచాన పడితే నష్టపోయేది మొదట ఆ పెద్దావిడే.

ఇంతకీ మొన్న ఆ ఇంట్లో ఏం చేశానంటారా? అలమారలోంచి ఒక దుప్పటి తీయించి మడతపెట్టాను. హాల్లో టీవీ చూస్తున్న ఆవిడ కొడుకుని పిలిచి, "బాబూ, ఇటొచ్చి ఈ అంచు పట్టుకో" అన్నాను. కాస్త తెల్లబోయాడు గానీ, వచ్చి పట్టుకున్నాడు.